అయిపోయిందని నేను చెప్పిన కథ

ఆ ఏడాది కార్తీకమాసం వచ్చేసరికి నా దగ్గర పదకొండు కథలున్నాయి. ఒక్కదానికీ చివర లేదు.

ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ అప్పట్లో అది ఎవరితోనూ చెప్పుకోలేని బాధ. అరవైల చివరి మాట ఇది. శ్రీకాకుళానికి కాస్త దూరంలో, సన్న ఖద్దరుకు పేరుపడ్డ ఊరు నా మెట్టినూరు. నేను బడికి వెళ్లినదాన్ని కాదు. పుట్టింట్లో మా అమ్మ పీట మీద పిండి పరిచి, నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించింది. పొయ్యి మీద అన్నం ఉడికేలోగా ఒక గుణింతం. అంతే నా చదువు. ఆ నాలుగు అక్షరాలతో కథలు రాయొచ్చని నాకు తోచడం దేవుడి దయ. ఆ తోచడం ఆగకపోవడం ఎవరి దయో మాత్రం చాలాకాలం తెలియలేదు.

మా ఆయన ప్రాథమిక పాఠశాలలో మేష్టారు. ఏడాది చివర పిల్లలు వదిలేసిన నోటుపుస్తకాల్లోంచి రాయని కాగితాలు ఏరి, దబ్బనంతో కుట్టి నాకు పుస్తకాలు చేసి ఇచ్చేవారు. కథకొక పుస్తకం. ఆ పద్ధతి ఆయనదే. మంచి పద్ధతే. కాని ఒక పుస్తకం తెరిచి రెండు పేజీలు రాసేసరికి, అందులోని మనిషి గుమ్మం దాటి ఇంకో పుస్తకంలోకి వెళ్లిపోయేవాడు. లేదా ఇంకోడు ఇందులోకి వచ్చి కూర్చునేవాడు. ఒకరోజు మా ఆయన పుస్తకాలన్నీ వరసగా చదివి, కళ్లజోడు తీసి, "ఇవి కథలా, సత్రమా? ఏ కథలోవాడు ఏ కథలో భోంచేస్తన్నాడో తెలవడం లేదు" అన్నారు. నేను నవ్వాను. తర్వాత వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నాను.

నాకు కథలు తోచే చోటు రాట్నం దగ్గర. మా ఊళ్లో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడకి సన్నటి పళ్లుంటాయి. గింజ మీది దూదిని వాటితో మెల్లగా దువ్వితే పోగులన్నీ ఒకే వైపుకి పడుకుంటాయి. తర్వాత గింజ తీసి, దూది విడగొట్టి, ఏకులు చుట్టి, ఎండిన అరటి పట్టలో దాచుకుని, ఒక్కొక్కటీ తీసి వడుకుతారు. చేతులకి తప్ప బుర్రకి పని లేని పని. ఒక గింజ దువ్వేసరికి ఒక మనిషి కనిపించేవాడు. రెండో గింజకి వాడి పెళ్లాం. మూడో గింజకి వాళ్లకి ఏమీ కాని ఒక పోస్టు జవాను. ఆ మధ్యాహ్నం పుస్తకం తెరిచేసరికి ఏ ఒక్కరి మాటా నిలకడగా వినపడేది కాదు. సంతలో తప్పిపోయిన పిల్లలా అందరి ముఖాలూ చూస్తూ నిలబడేదాన్ని.

నా పక్కన మరో రాట్నం మా అత్తది. ఆవిడ తీసినంత సన్న నూలు మా వీధిలో ఇంకెవరూ తీయలేదు. ఒక అక్షరం రాదు. కాని ఎవరెవరికి ఏమేమి వచ్చో ఆవిడకి తెలుసు. సోమవారాలు నీసు ముట్టేది కాదు. చేప దవడ మాత్రం సోమవారం కూడా చేతిలోనే ఉండేది. ఒకసారి నేను భయం భయంగా, "అత్తా, చేప ఎముకతో దువ్విన నూలు దేవుడికి పనికొస్తుందా?" అని అడిగితే, రాట్నం ఆపకుండా అంది: "సేపని సేసింది ఆడు కాదేటే?"

అంతకుముందు ఒకసారి ధైర్యం చేసి, విజయనగరం నుంచి వచ్చే ఒక చిన్న మాసపత్రికకి ఒక కథ పంపాను. నెలా పదిరోజులకి కార్డు వచ్చింది. "అమ్మా, ఇందులో నలుగురి కథలు మొదలయ్యాయి. ఎవరైనా ఒక్కరి కథ చివరిదాకా రాసి పంపండి. తప్పక చూస్తాము" అని ఉంది. మర్యాదగా రాసిన మాటే. అయినా ఆ కార్డు ఎవరికీ కనపడకుండా దేవుడి గూట్లో పటం వెనక పెట్టేశాను. అత్త అది తీసి కొడుకు చేత చదివించుకుందని నాకు తెలియదు. నాతో ఒక్క మాట అనలేదు. అయితే ఆ శివరాత్రి నుంచి ఆవిడ దగ్గర రెండు అరటి పట్టలు కనిపించేవి. ఒకదాంట్లోవి మామూలు ఏకులు. రెండో దాన్ని నన్ను ముట్టనిచ్చేది కాదు. స్నానం చేశాకే దాన్ని విప్పేది. అప్పటికే ఆవిడ కళ్లకి పొర కమ్ముతోంది. పోగు కంటికి ఆనక, వేలికి ఆనించుకుని తీసేది. ఎవరికోసమో అనుకున్నాను.

ఇక రోజూ పొద్దున్న ఒకటే ప్రశ్న. "అయ్యిందేటే, కత?"

"ఇంకా లేదత్తా."

"మరెప్పుడవుతాదే?"

"వస్తుంది అత్తా, కొంచెం ఉంది."

ఎన్ని నెలలు ఇలా చెప్పానో. కార్తీకం మొదటి వారంలో ఒక పొద్దున్న నా పోగు మాటిమాటికీ తెగుతోంది. బుర్రలో ఇద్దరు మనుషులు ఒకేసారి మాట్లాడుతున్నారు. అత్త మళ్లీ అడిగింది. విసుగో, సిగ్గో, ఇంకోసారి "లేదు" అనడానికి నోరు రాకో తెలియదు. "అయిపోయిందత్తా" అన్నాను.

అత్త రాట్నం ఆగిపోయింది. ఆవిడ రెండు చేతులూ ఎత్తి, ఎక్కడో గోడకవతల ఉన్న దేవుడికి దణ్ణం పెట్టింది.

"ముకలింగం బాబూ, ఇన్నావా! నా మొక్కు తీర్సుకోడానికి కళ్లల్లో ఎలుతురుండగానే ఈ మాట ఇనిపించినావు."

అప్పుడు తెలిసింది నాకు. నా కథల్లో ఒక్కటి పూర్తయితే, తన చేతి నూలుతో ఉత్తరీయం నేయించి శ్రీముఖలింగంలో స్వామికి కప్పుతానని శివరాత్రి నాడు మొక్కుకుందట. నూలు ఎప్పుడో అయిపోయింది. వెనక వీధి నేతగాడు బట్ట కూడా నేసేశాడు. నా కథ ఒక్కటే మిగిలింది.

నేను నోరు తెరిచేలోపే ఆవిడ వీధిలోకి వెళ్లిపోయింది. ఎదురింటి వదినకి చెప్పింది. "మా కోడలు కత పూర్తి సేసిందే. సోమవారం ముకలింగం ఎల్తన్నాం." ఎదురింటి వదిన నోటి జోరు గలది. గుమ్మంలోంచే కేకేసింది: "ఓలప్పో, కత రాయడానికి ఇన్నాళ్లేటే? నానైతే ఈ పాటికి ముగ్గురు గుంటల్ని కని పెంచేసినాను!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఏం చేయను?

సోమవారానికి నాలుగు రోజులు. నాలుగు రోజుల్లో ఒక కథ పూర్తిచేస్తే నా అబద్ధం నిజమైపోతుంది కదా అనుకున్నాను. మొక్కు బట్టకి పసుపు రాసి బొట్టు పెట్టేలోగా కథ అయిపోతే ఇంకేం అబద్ధం? కాని కంగారులో పుస్తకాలు తెరిస్తే మనుషులు ఇంకా ఎక్కువ మందయ్యారు. నాగావళి మీద పడవ నడిపేవాడి కథ చూశాను. వాడు ఒక మనిషిని మాత్రం పడవ ఎక్కించుకోడు. ఎందుకో చెప్పేలోపు వాడు ఎక్కించుకోని ఆ మనిషే మంచివాడనిపించి అతని వైపు వెళ్లిపోయాను. ఆ పుస్తకం మూసి ఉత్తరాలు చదివిపెట్టే పోస్టు జవాను పుస్తకం తీశాను. చెడ్డ కబురైతే అతను చదవకుండా మంచి కబురు కల్పించి చెప్తాడు. బాగుందనిపించింది. అంతలోనే, చదవడం వచ్చిన ఆడపిల్ల ఒకతె ఆ ఊరికి కోడలుగా వస్తే అని తోచింది. ఇక పోస్టు జవాను పోయి ఆ పిల్ల మిగిలింది. శనివారం సాయంత్రం దీపం పెట్టి, "స్వామీ, ఒక్కటి ఉంచు, మిగతావన్నీ తీసేసుకో" అని మనసారా అడిగాను. కళ్లు తెరిచేసరికి పన్నెండోది తోచింది.

మా ఆయనతో చెప్పేశాను. కోప్పడతారనుకున్నాను. "అమ్మకి చెప్పీ. అమ్మ తిడతాది. తిట్టనీ. తిట్టు తినగలవు గానీ ఇది మొయ్యలేవు" అన్నారు. ఆయన మాట నిజం. కాని ఆదివారం అత్త ఆ బట్ట తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఊదితే ఎగిరిపోయేట్టుంది. ఒకచోట పోగు కాస్త లావైతే ఆవిడ వేలితో తడిమి, "ఇక్కడ కళ్లు మోసం సేసినాయే" అంది. నేను బట్ట మడతపెట్టి ఆవిడ చేతికిచ్చేశాను.

సోమవారం పొద్దున్నే బయలుదేరాం, అత్తా నేనూ. ఆయనకి బడి. శ్రీకాకుళం దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు, చివర ఎడ్లబండి. అత్త బట్ట మూటని ఒళ్లో పసిపిల్లలా పెట్టుకుంది. బండిలో తోటివాళ్లు ఎవరైనా "ఏటి మొక్కు, మామ్మా?" అంటే చాలు, "మా కోడలు కత రాసింది" అని చెప్పేది. వాళ్లు నా వైపు చూసేవాళ్లు. నేను ఎద్దుల వైపు చూసేదాన్ని.

వంశధారలో స్నానం చేశాం. నీళ్లు తగ్గి, ఇసుక బయటపడి, ఎండకి తెల్లగా ఉంది. అత్త పొడిచీర కట్టుకుని, "పద, మద్దేనం ఉచ్చపూజ అయితే తలుపులేసేస్తారు" అంది. ఇక్కడ నుంచి గుడి కనిపిస్తోంది. అబద్ధం చెప్పిన నోటితో అక్కడికి ఎలా వెళ్లను? ఇసుకలో కూర్చుండిపోయాను.

"అత్తా, కథ అవలేదు."

"ఏ కత?"

"ఏదీ. ఒక్కటీ అవలేదు. నీతో అబద్ధం చెప్పాను."

ఆవిడ ముఖం చూడలేక ఇసుక చూస్తున్నాను. కొంతసేపటికి ఆవిడ నీడ నా మీద పడింది.

"దేవుడికాడికి అబద్దం మోసుకొచ్చినావేటే? అంతదూరం బస్సులో, నా పక్కన కూకోని? ఊరందరికీ సెప్పించినావే నా సేత!" నేను ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. నది వైపు తిరిగి నిలబడింది. ఆ కళ్లకి నది ఎంత కనపడిందో.

చివరికి నా ఎదురుగా చతికిలబడింది. మూట ఒళ్లో పెట్టుకుంది.

"ఇది నాను ఎనక్కి మోసుకెల్లను. ఇంకోపాలి ఈ నూలు తియ్యలేను, కళ్లు లేవు. సెప్పు."

"ఏం చెప్పను?"

"కత. ఏదో ఒకటి. ఇక్కడే సెప్పీ. అయ్యేదాకా నాను లేవను."

"పుస్తకం లేదత్తా."

"నాకు సదవడం వస్తాదేటే, పుస్తకమెందుకు? నోటితో సెప్పు. అనగనగా అనకు. జరిగినట్టు సెప్పు."

పన్నెండింట్లో ఏదని ఎంచుకునే తీరిక లేదు. ముందుగా నోటికొచ్చింది మొదలుపెట్టాను.

"ఒక కొత్త కోడలు. కాపురానికొచ్చిన మూడో రోజు. తెల్లారి చూస్తే పొయ్యిలో కప్పిపెట్టిన నిప్పు ఆరిపోయి ఉంది. అత్తగారు పిడక చేతికిచ్చి, పక్కింట్లో నిప్పు పట్రమ్మంది. ఏ పక్కో చెప్పలేదు. ఆ పిల్ల కుడి పక్కకి వెళ్లింది. ఆ ఇంటితో వీళ్లకి తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. ఆ సంగతి ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు."

"ఓలమ్మ! ఏటికి మాటల్లేవు?"

"పొలం గట్టు తగువు. ఆ ఇంటాయన తమ్ముడొకడు నాగావళి మీద పడవ నడిపేవాడు. ఒకరోజు వాడు రేవులో..."

"పడవేటే?" అత్త చెయ్యి ఎత్తింది. "ఆ గుంట పిడక పట్టుకోని గుమ్మంలో నిలబడుంటే, దాన్ని అక్కడొగ్గేసి నువ్వు పడవెక్కుతావేటి?"

నేను వెనక్కి వచ్చాను. సిగ్గేసింది. నా పన్నెండు కథల జబ్బు ఏమిటో ఆవిడ అంత తేలిగ్గా పట్టుకుంది.

"ఆ ఇంటావిడ తలుపు తీసింది. ఏమీ అనలేదు. పిల్ల కాళ్ల పసుపు చూసింది. లోపలికి వెళ్లి, కణకణలాడే నిప్పులు రెండు తెచ్చి పిడక మీద పెట్టింది. పిల్ల ఇంటికొచ్చింది. 'ఎవరిచ్చేరే' అంది అత్తగారు. చెప్పింది. అత్తగారు ఉన్నచోటనే ఆగిపోయింది."

"ఆగిపోయి?"

రెండేళ్లుగా నేనూ అక్కడే ఆగిపోయి ఉన్నాను. ఆ నిప్పు నేలకేసి కొడుతుందా? పిల్లని పుట్టింటికి పంపుతుందా? ఈలోగా పోస్టు జవాను వస్తే? అన్ని దారులూ ఒక్కసారే తెరుచుకున్నాయి. దేనికీ కాలు కదలదు.

అత్త ఊరుకోలేదు. "ఇంట్లో ఎవులున్నారు?"

"మావగారు. జ్వరంతో ఉన్నాడు." అంతవరకు నా పుస్తకంలో మావగారే లేడు. ఎక్కడి నుంచి వచ్చాడో తెలియదు.

"మరైతే గంజి కావాల."

"కావాలి."

"నిప్పేటవుతున్నాది?"

"బూడిద కమ్ముతోంది."

"బేగి సెప్పవే! ఆరిపోతాదే!" నా మణికట్టు పట్టుకుంది. సన్న నూలు తీసే ఆ వేళ్లకి అంత బలం ఉంటుందని అనుకోలేదు.

"అత్తగారు పొయ్యి ముందు కూర్చుంది. కోడలి చేతిలోంచి పిడక అందుకుంది. ఊదింది."

అత్త నా చెయ్యి వదిలింది. నేను భయపడుతూ ఎదురుచూశాను, కథలోకి ఇంకెవరో వస్తారని. ఎవరూ రాలేదు. నది చప్పుడు మాత్రం వినపడింది.

"పక్కింటిదానితో మాటాడిందా?"

"లేదత్తా. గంజి కాచింది. అంతే."

"మావ తాగినాడా?"

"తాగాడు."

"సాల్లే. లే మరి, తలుపులేసేస్తారు" అని నా భుజం పట్టుకుని తను లేచింది.

ఆ కథని తర్వాత వారంలో కాగితం మీద పెట్టాను. అత్త నోట విన్న ప్రశ్నలన్నీ అందులో దాగి ఉన్నాయి, ఎవరికీ కనిపించవు. పత్రికవారు వేసుకున్నారు. మిగిలినవాటిలో మరి మూడు, తర్వాతి ఏళ్లలో, అలాగే నోటితో అత్తకి చెప్పి చెప్పి పూర్తిచేశాను. కొన్ని అలాగే ఉండిపోయాయి. వాటి మీద నాకిప్పుడు బెంగ లేదు. అన్నింటినీ నేనే నడపాలని ఆ ముఖలింగం తండ్రి అనుకుని ఉండడు. నాకు అక్షరం ఇచ్చిన అమ్మకీ, కాగితం కుట్టి ఇచ్చిన మనిషికీ, అడగడం మానని అత్తకీ నేను తీర్చగలిగిందేమీ లేదు, ఇలా తలుచుకోవడం తప్ప.

ఆ రోజు మేము గుడి చేరేసరికి అర్చకులు తాళాల గుత్తి చేత్తో పట్టుకుని నిలబడ్డారు. "మళ్లీ సాయంత్రమేనమ్మా" అన్నారు. అత్త వినిపించుకోకుండా మూట విప్పి బట్ట ముందుకు చాపింది.

"ఎవరి పేరు మీద?"

"మా కోడలి పేరు మీద, బాబూ. కత పూర్తి సేసింది."

ఆయన ఉద్యోగం కోసం, సంతానం కోసం, రోగం కోసం మొక్కులు విని ఉంటారు. ఇది కొత్త. "ఏం కథ?" అన్నారు.

మా అత్త చెప్పడం మొదలుపెట్టింది. నడి వాకిట్లో, ఎండలో, తడి జుట్టుతో, ఆ గుంట గుమ్మంలో నిలబడటం దగ్గరి నుంచి. ఆవిడ కథలో తొమ్మిదేళ్లు లేవు. గట్టు తగువు లేదు. పిడక ఉంది, నిప్పు ఉంది, జ్వరంతో ఉన్న ముసలాయన ఉన్నాడు. మా వెనక ఇంకో నలుగురు వచ్చి నిలబడ్డారు. ఎవరూ తొందరపెట్టలేదు.

"ఊదిందా?" అన్నారు అర్చకులు.

"ఊదింది, బాబూ."

ఆయన తాళాలు గడప పక్కన పెట్టి, బట్టని రెండు చేతులా అందుకున్నారు. కోడలి పేరేమిటో చెప్పమన్నారు. అత్త చెప్పింది, లోపలిదాకా వినపడేట్టు.